‘ఇన్ బ్రూజ్’ సినిమాలో హంతకుల మీద మనకు జాలి ఎందుకు కలుగుతుంది?

మార్టిన్ మెక్‌డోనా రాసి, దర్శకత్వం వహించిన ‘ఇన్ బ్రూజ్’ (2008)లో రే, కెన్, వారి యజమాని హ్యారీ ముగ్గురూ హత్యలతో బతికేవారే. వారి మీద జాలి కలగడానికి కారణం, ఆ ముగ్గురికీ తప్పొప్పుల పట్టింపు మనకంటే ఎక్కువగా ఉండటమే. (ముగింపు చెప్పక తప్పదు కాబట్టి, సినిమా చూడనివారు ఇక్కడే ఆగడం మంచిది.)

ఒక పాదిరీని చంపబోయిన రే తూటా, ఆయన శరీరం గుండా దూసుకుపోయి, వెనుక ప్రార్థనలో ఉన్న పిల్లవాడికి తగులుతుంది. ఆ పిల్లవాడి చేతిలోని కాగితం మీద, తాను ఒప్పుకోవలసిన పాపాలుగా, ముభావంగా ఉండటం, లెక్కల్లో వెనుకబడటం, విచారంగా ఉండటం అని రాసి ఉంటుంది. నా దృష్టిలో సినిమా బరువంతా ఆ కాగితం మీదే ఉంది.

హ్యారీ ఆజ్ఞ మేరకు రేను చంపడానికి పార్కులో వెనుకనుంచి వచ్చిన కెన్, అదే క్షణంలో రే తన కణతకే తుపాకీ ఆనించుకోవడం చూసి, వచ్చిన పని మరిచి అతణ్ని ఆపుతాడు. ప్రాణం దక్కిన రే మాత్రం, నన్ను చంపడానికే వచ్చావు కదా అని నిష్ఠూరమాడతాడు.

పిల్లవాణ్ని చంపినవాడు బతకకూడదన్నది హ్యారీ నియమం; కెన్ చేయని పనికి అతడే స్వయంగా వస్తాడు. గర్భవతి అయిన హోటల్ యజమానురాలు మెట్లకు అడ్డంగా నిలబడి కదలనంటే, ఆమెకు దెబ్బ తగలకుండా ఎక్కడ కాల్చుకోవాలో అతడు, రే కేకలు వేసుకుంటూ బేరమాడి మరీ ఒప్పందానికి వస్తారు. చివరికి తన తూటాకు బలైన మరుగుజ్జు నటుణ్ని, బడిపిల్లవాడి వేషంలో ఉన్నందువల్ల, నిజంగానే పిల్లవాడని పొరబడిన హ్యారీ, రే ఏదో చెప్పబోతున్నా వినకుండా, తన నియమాన్ని అక్కడికక్కడే తనకు వర్తింపజేసుకుంటాడు.