మనవరాలి గినీ పిగ్‌కు తోడు తెచ్చేటప్పుడు

ప్రశ్న: అమ్మా, మాది కావలి. టీచరుగా రిటైరయ్యాను. మా అమ్మాయి వాళ్లు కిందటేడు స్విట్జర్లాండులోని బాసెల్‌కు వెళ్లారు. ఊరు వదిలి వెళ్లిపోతున్న ఒక కుటుంబం దగ్గర మా మనవరాలి కోసం రెండు గినీ పిగ్‌లు (ఎలుకల జాతికి చెందిన చిన్న పెంపుడు జంతువులు) తీసుకున్నారు. అందులో ఒకటి మొన్న చనిపోయింది. మిగిలింది ఆడది, నాలుగేళ్లుంటాయట. ఇంకొకటి తేవాల్సిందేనని అక్కడి వాళ్లు అంటున్నారు. ఉన్నదాన్ని బాగా చూసుకుంటే చాలని మా అల్లుడు అంటున్నాడు. మేమిద్దరం త్వరలో మూడు నెలలకు వెళ్తున్నాం. పగలంతా ఇంట్లో ఉండేది మేమే. తోడు తేవాలా? తెస్తే రెంటినీ ఎట్టా కలపాలి? తర్వాత సెలవులకు పాప దాన్ని కావలికి తెస్తానంటోంది, కుదురుతుందా?

జవాబు: మాస్టారూ, తేవాలి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. వీలైతే మీరు విమానం ఎక్కేలోపే వెతకడం మొదలుపెట్టమని అమ్మాయికి చెప్పండి.

మాది ఉలవపాడు దగ్గర పల్లె. నేను కూడా స్విట్జర్లాండుకొచ్చి స్థిరపడి చాలా కాలమైంది. కొత్తగా వచ్చిన మన కుటుంబాలు పిల్లల ముచ్చట కోసం ముందు తెచ్చుకునేది చాలాసార్లు ఈ చిన్న ప్రాణినే. కుక్కలా నడకకు తీసుకెళ్లక్కర్లేదు. కేజ్‌లో పెంచే చిన్న జంతువు కాబట్టి ఇంటి ఓనరు కూడా సాధారణంగా అడ్డు చెప్పడు. అయితే ఇది ఒంటరిగా బతికే జంతువు కాదు. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని యాండీస్ కొండలు. అక్కడ దీని అడవి జాతి చుట్టాలు గుంపుగానే తిరుగుతాయి. మందలోంచి తప్పిపోయిన జోడిపి గొర్రె మేత ముట్టకుండా అరుస్తూ తిరగడం మీరు చూసే ఉంటారు. ఇది అలా అరవదు. ఒక మూల కదలకుండా కూర్చుంటుంది. దాన్ని చూసి మనవాళ్లు ‘పాపం, ఎంత బుద్ధిగా ఉందో’ అనుకుంటారు. అది బుద్ధి కాదు మాస్టారూ, దిగులు.

స్విట్జర్లాండులో 2008 నుంచి అమల్లో ఉన్న జంతు సంరక్షణ నిబంధనల ప్రకారం గినీ పిగ్‌ను ఒంటరిగా పెంచకూడదు. మీ అల్లుడుగారికి ఈ ఒక్క మాట చెబితే చాలు. అమెరికాలో అలాంటి దేశవ్యాప్త చట్టం లేదు. అక్కడున్న మన పిల్లలకు కూడా నేను చెప్పేది మాత్రం ఇదే. అద్దం పెట్టినా, బొమ్మ పెట్టినా, పాప ఒళ్లో కూర్చోబెట్టుకున్నా ఇంకో గినీ పిగ్ లేని లోటు తీరదు. పక్కింటివాళ్లు కుందేలు ఇస్తామంటే వద్దనండి. కుందేలు కాలితో తన్నిందంటే దీనికి ఎముక విరుగుతుంది. పైగా కుందేళ్లలో పెద్దగా జబ్బు చేయని బోర్డెటెల్లా అనే బాక్టీరియా గినీ పిగ్‌కు న్యుమోనియా తెస్తుంది.

ఇక ఎలాంటి తోడు అన్నది. మీది నాలుగేళ్ల ఆడది కాబట్టి, విత్తులు తీయించిన మగదైతే అన్నిటికన్నా తేలిగ్గా కలుస్తుంది. అలాంటిది దొరక్కపోతే నెమ్మదైన ఇంకో ఆడది. విత్తులు తీయించినంత మాత్రాన మగదాన్ని ఆ రోజే ఆడదాని దగ్గర వదలకూడదు. ఆపరేషన్ తర్వాత కూడా ఆరు వారాల దాకా పిల్లల్ని పుట్టించగలదు. ఇక్కడ కొన్నిటికి ఈడు రాకముందే, బాగా పసిగా ఉన్నప్పుడే ఆపరేషన్ చేయిస్తారు. వాటికి ఆ ఎదురుచూపు అక్కర్లేదు. ఏ వయసులో చేయించారో కాగితం మీద రాయించుకోమనండి. ఆడా మగా అన్నది దుకాణంవాళ్ల మాట మీద నమ్మకుండా వెట్‌కు, అంటే పశువుల డాక్టరుకు చూపించాలి. ఇందులో పొరపాట్లు చాలా జరుగుతాయి. చిన్న పొరపాటేలే అనుకోకండి. ఇంతవరకు ఈనని ఆడదానికి ఏడెనిమిది నెలలు దాటాక తొలి చూలు ప్రాణాంతకం, ఎందుకంటే అప్పటికి కటి ఎముకలు బిగుసుకుపోతాయి, కాన్పుకు దారి ఇవ్వవు. మీదానికి నాలుగేళ్లు.

వయసు సంగతి కూడా ఆలోచించాలి. ఇవి సాధారణంగా అయిదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి. ఇప్పుడు పసికూనను తెస్తే రెండు మూడేళ్లకు అదీ ఒంటరిదవుతుంది, దానికి మళ్లీ తోడు తేవాలి. ఈ వరసకు అంతుండదు. మీ అల్లుడుగారి భయం ఇదే అయితే అది న్యాయమైన భయమే. అందుకే ఈ దేశంలో తోడుకోసం గినీ పిగ్‌ను అద్దెకిచ్చే ఏర్పాటు పుట్టింది. ఇంట్లోది పోయాక రెండోదాన్ని తిరిగి ఇచ్చేయొచ్చు. అది కుదరకపోతే జంతు ఆశ్రమాల్లో నడివయసువి దొరుకుతాయి. దుకాణంకన్నా ముందు అక్కడే అడగమంటాను. ఏ గినీ పిగ్ ఎవరితో సర్దుకుపోతుందో వాటిని రోజూ చూసేవాళ్లకు తెలుస్తుంది. జత కుదరకపోతే వెనక్కి తీసుకుంటారా అన్నది కూడా ముందే అడగాలి.

తెచ్చిన వెంటనే కలపొద్దు. రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచండి. దాని గిన్నె దానికే, చేతులు కడుక్కుని రెండోదాన్ని ముట్టుకోవాలి. పేలు, గజ్జి పురుగులు, తామర లాంటివి ఉంటే ఈలోపు బయటపడతాయి. తామరైతే పాపకూ అంటుకుంటుంది. వంటింటి త్రాసు మీద రెంటినీ వారం వారం తూచి రాసి పెట్టండి. జబ్బు కంటికి కనిపించకముందే బరువులో కనిపిస్తుంది.

కలిపే రోజు ఇంట్లో మీరిద్దరే ఉన్నా చాలు, కానీ సాయంత్రం దాకా ఇంకే పనీ పెట్టుకోకండి. పాతదాని కేజ్‌లో కొత్తదాన్ని వదలకూడదు. అది దాని ఇల్లు, ఊరుకోదు. రెంటికీ కొత్తైన చోటు కావాలి. హాల్లో నేల జారకుండా పాత దుప్పట్లు పరిచి, చుట్టూ అట్టలు అడ్డం పెట్టి, వీలైనంత విశాలంగా చేయండి. నాలుగైదు చోట్ల ఎండుగడ్డి కుప్పలు వేయండి, మధ్యలో క్యాప్సికం ముక్కలు, కొత్తిమీర చల్లండి. నోటికి పనుంటే గొడవ సగం తగ్గుతుంది. దాక్కునే పెట్టె పెడితే రెండు గుమ్మాలుండాలి. ఒక్క గుమ్మమే ఉంటే లోపలున్నది చిక్కుకుపోతుంది.

తర్వాత జరిగేది చూసి అమ్మగారు కంగారు పడతారు. ఒకటి గుర్రుమంటూ, నడుము ఊపుకుంటూ రెండోదాని చుట్టూ తిరుగుతుంది. తరుముతుంది, మీదికెక్కుతుంది. రెండూ ఆడవైనా ఎక్కుతాయి. రెండోది కీచుమంటుంది, కోపమొస్తే వెనక్కి తిరిగి మూత్రం చిమ్ముతుంది. మూతి ఎవరు ఎక్కువ పైకెత్తుతారా అని పోటీ పడతాయి. ఇదంతా ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని తేల్చుకోవడం. తేల్చుకోనివ్వండి. జాలిపడి మధ్యలో విడదీస్తే మళ్లీ మొదటికొస్తుంది, ఈసారి ఇంకాస్త పంతంతో. నూటికి తొంభై మంది చేసేది ఇదే, చెడేది కూడా ఇక్కడే.

పళ్లు టకటకలాడించడం హెచ్చరిక. దగ్గర కూర్చుని చూస్తూ ఉండండి, చెయ్యి పెట్టకండి. వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఎదురెదురుగా నిలబడి ఒకదాని మీదికొకటి దూకితే, బంతిలా చుట్టుకుని దొర్లితే, రక్తం కనిపిస్తే అప్పుడు విడదీయాలి. వట్టి చేత్తో వద్దు, కరిస్తే లోతుగా దిగుతుంది. మందపాటి టవల్ మధ్యలో వేసి ఒకదాన్ని ఎత్తేయండి. ఆ జంటను ఆ రోజు మళ్లీ కలపకండి. గాయం మానాక కూడా అలాగే చేస్తే ఆ రెంటికీ పొత్తు లేదని ఒప్పుకుని ఇంకో తోడు వెతకాలి.

కొన్ని గంటలకు ఒకే కుప్ప దగ్గర పక్కపక్కన గడ్డి తింటుంటే, కాళ్లు చాపుకుని పడుకుంటే గండం గడిచినట్టే. ఈలోపు కేజ్‌ను పాత వాసన పోయేలా శుభ్రంగా కడిగి, సామాను చోట్లు మార్చి, రెంటినీ ఒకేసారి లోపల పెట్టండి. నీళ్ల సీసాలు రెండు, గిన్నెలు రెండు, గూళ్లు రెండు. ఇక్కడి నిబంధనలు రెంటికీ కలిపి కనీసం అర చదరపు మీటరు అడుగుతాయి. అది కనీసం మాత్రమే. నన్నడిగితే అంతకు రెండింతలు తక్కువ కాకుండా ఇవ్వమంటాను, ఎందుకంటే ఇరుకులో పడిన జంటలే ఎక్కువగా కొట్లాడుకుంటాయి. రెండు వారాలపాటు చిన్న చిన్న తగువులు నడుస్తూనే ఉంటాయి. రెంట్లో ఏదైనా పూట మేత ముట్టకపోతే రేపు చూద్దామని ఆగకుండా వెట్‌కు ఫోన్ చేయండి. తిండి ఆగితే దీని పేగు కూడా ఆగిపోతుంది. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ ఏదీ నోట్లో పోయకండి, పెన్సిలిన్ రకాలు దీనికి విషం.

తిండి గురించి అమ్మగారికి ఒక మాట. తినేదాంట్లో ముప్పాతికకు పైగా ఎండుగడ్డే ఉండాలి. మన వరిగడ్డి కాదు, పచ్చిక కోసి ఎండబెట్టింది. ఎప్పటికీ పెరుగుతూ ఉండే దీని పళ్లు అరిగేది గడ్డి నమలడంతోనే. మనకులాగే దీని ఒంట్లో విటమిన్ సి తయారవదు, అందుకే రోజూ క్యాప్సికం. పాలకూర ఎప్పుడో ఒకసారి చాలు, రోజూ పెడితే మూత్రంలో రాళ్లొస్తాయి. అన్నం, పెరుగు, చపాతీ, ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప ఏదీ ముద్దుకైనా పెట్టొద్దు. ఖర్చు విషయానికొస్తే, రెండోది వచ్చిందని గడ్డి బిల్లు అంతగా పెరగదు. వెట్ బిల్లు మాత్రం పెరుగుతుంది, ఇక్కడ అది తక్కువేం కాదు. దానికి అమ్మాయి వాళ్లు కొంత డబ్బు పక్కన పెట్టుకోవాలి.

కావలికి తెచ్చే మాట పాపతో మాన్పించండి. పదిహేడు నుంచి ఇరవైనాలుగు డిగ్రీల మధ్య హాయిగా ఉండే ప్రాణి ఇది. ముప్పైకి చేరకముందే వడదెబ్బ భయం మొదలవుతుంది. జులైలో మన కావలి ఎండ, రాత్రిళ్లు కరెంటు పోతే ఉక్క, దానికి ముందు అంత పొడుగు విమాన ప్రయాణం ఇది తట్టుకోలేదు. జంటగా ఉన్నప్పుడు పొరుగువాళ్లకు అప్పగించడం కూడా తేలిక. రోజుకు రెండు పూటలా వచ్చి గడ్డి, నీళ్లు, పచ్చి కూరగాయ ముక్కలు పెట్టి, రెండూ తింటున్నాయో లేదో చూసి వెళ్లే మనిషి చాలు. జులైకి మనిషి కావాలంటే ఏప్రిల్‌లోనే అడిగి పెట్టుకోవాలి, వేసవిలో ఇక్కడ సగం ఊరు సెలవుల్లోనే ఉంటుంది.