మీ నాన్న ఎడమ చెయ్యి

ఒరే శ్రీనూ,

గురువారం మీ నాన్నకి తుంటి ఎముక ఆపరేషన్ అని విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఇరవై రెండేళ్లు డయాలసిస్ వార్డులో నర్సుగా చేసిన దాన్ని, నా భయం ఎముక గురించి కాదు. సర్జరీ వార్డులో చేరగానే ఆయన అందరికీ 'తుంటి కేసు' అయిపోతాడు. డ్యూటీ మారిన ప్రతిసారీ, ఆయన డయాలసిస్ మీద ఉన్న కిడ్నీ పేషెంటని చెప్పాల్సింది నువ్వే.

ముందు ఆ ఎడమ చెయ్యి. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకు, సూది గుచ్చనివ్వకు. నా పేషెంటొకాయన వేరేచోట హెర్నియా ఆపరేషన్‌కి వెళ్తే, మత్తులో ఉండగా ఆ చేతికే పట్టీ బిగించి వదిలేశారు. తెల్లారేసరికి ఫిస్టులా మూసుకుపోయింది. మళ్లీ మెడలో గొట్టం, మళ్లీ కొత్త ఫిస్టులా, నెలల తరబడి తిప్పలు. అందుకే మార్కర్‌తో చేతి మీద పెద్దగా రాయించు. ఆపరేషన్ అయ్యాక అప్పుడప్పుడూ వేళ్లు ఆనించి చూడు, పిల్లి గుర్రుమన్నట్టు అదురు తగలాలి. తగలకపోతే పొద్దున రౌండ్స్ దాకా ఆగకు, అప్పుడే నర్సుని పిలువు.

డయాలసిస్ మామూలుగా ముందు రోజు చేయిస్తారు. అందులో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ వాడాలా వద్దా అన్నది కిడ్నీ డాక్టరూ మత్తు డాక్టరూ తేల్చుకోవాలి. మాట్లాడుకునే ఉంటారులే అనుకోకు, అడుగు. ఆ పొద్దున పొటాషియం ఎక్కువొచ్చి వాయిదా వేస్తే విసుక్కోకు, అది గుండెకి ప్రమాదం.

నొప్పికి డైక్లోఫెనాక్ సూది వద్దని ముందే చెప్పు, అది కిడ్నీని దెబ్బతీస్తుంది. "డయాలసిస్ ఉందిగా, ఇంకేం పాడవుతుంది" అంటారు కొందరు. ఆయనకి రోజుకి అర లీటరు మూత్రం ఇంకా వస్తోంది, అది పోతే ఆయన తాగే నీళ్లు ఇంకా తగ్గించాలి. సెలైన్ ఎంత ఎక్కిందో, మూత్రం ఎంత వచ్చిందో కాగితం మీద రాసుకో. షుగర్ మాత్రం తరచూ చూడమను, కిడ్నీ పనిచెయ్యని ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువసేపు నిలిచిపోతుంది.

ఇక మన చుట్టాలు. కవిటి నుంచి వచ్చేవాళ్లు బొండాలు లేకుండా వస్తారా! ఉద్దానంలో ఇన్ని ఇళ్లలో కిడ్నీ జబ్బు చూసి కూడా, నీరసంగా ఉన్నాడని కొబ్బరినీళ్లే పట్టబోతారు. అందులో పొటాషియం బాగా ఎక్కువ. కాదంటే నొచ్చుకుంటారు గనక పుచ్చుకుని, నువ్వు తాగెయ్.

బుధవారం రాత్రి బస్సుకి వస్తున్నాను. ఒక్కరినే ఉండనిస్తారట కదా, రాత్రిళ్లు నేనుంటాను.

మీ అత్త