లోపల డిన్నర్ వద్దు, బయట కూర్చోండి

ఒరేయ్ బుజ్జీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. మీ అమ్మానాన్నల 30వ పెళ్ళిరోజుకి వాళ్ళని క్లివెడన్ (లండన్ దగ్గర ఉన్న పాత జమీందారీ బంగళా, ఇప్పుడు హోటల్) తీసుకెళ్ళి, రాత్రి పెద్ద డిన్నర్ పెట్టిద్దామనుకుంటున్నావు. ఆలోచన బాగుంది, డిన్నర్ ఒక్కటి మానెయ్. లోపల దీపాల కింద మూడు గంటలపాటు ప్లేటు మీద ప్లేటు వస్తుంటే మీ అమ్మ బిగుసుకుపోయి కూర్చుని, నీ చెవి దగ్గరకొచ్చి "అన్నం లేదేమిట్రా" అంటుంది. నా చెల్లెలు నాకు తెలీదూ? అలాంటి చోట మనం డబ్బు పెట్టేది తిండికి కాదురా, ఆ ఇంటి ముందు, ఆ తోట వైపు తిరిగి రెండు మూడు గంటలు తీరిగ్గా కూర్చోవడానికి. అందుకని మధ్యాహ్నం టీకి వెళ్ళండి, టీతో పాటు శాండ్‌విచ్‌లూ కేకులూ పెడతారు. తర్వాత తోటలో తిరిగి, సాయంత్రం బయటే తలో గ్లాసు తాగి వచ్చేయండి. జూన్‌లో ఇక్కడ తొమ్మిది దాటాక గానీ పొద్దు గూకదు కదా.

క్లివెడన్‌కి కారులో మాత్రం వెళ్ళకు. నువ్వు తాగకుండా కూర్చుంటే మీ నాన్న కూడా మొహమాటపడతారు. రెడింగ్‌లో ఎలిజబెత్ లైన్ రైలు ఎక్కితే ట్యాప్లో స్టేషన్, అక్కడి నుంచి టాక్సీ. తిరుగు టాక్సీ కూడా ముందే చెప్పి ఉంచు.

బుక్ చేసేటప్పుడు ఒక్క ముక్క అడగడం మరిచిపోకు: "బయట టేబుల్ ఖాయమేనా, వానొస్తే లోపల చోటుంటుందా?" ఏవేవి బయట వడ్డిస్తారో కూడా అప్పుడే అడుగు, ప్రతిదీ బయటికి తెచ్చివ్వరు. మేము ఒకసారి ఇలాంటిదే వేరే హోటల్‌కి, పేరెందుకులే, ఫొటోల్లో పచ్చిక మీద గొడుగులు చూసి మురిసిపోయి వెళ్ళాం. తీరా వెళ్తే బయట కుర్చీలు ముందొచ్చిన వాళ్ళకేనట, మమ్మల్ని కిచెన్ తలుపు పక్కన కూర్చోబెట్టారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మీ పెదనాన్న నావైపు ఒక చూపు చూసేవారు. ఆ చూపు నేనింకా మర్చిపోలేదు.

శనివారం వద్దు. జనం ఎక్కువ, పైగా మీ అమ్మ ఆ రోజు గుడ్డు కూడా ముట్టదు, టీ స్టాండ్ మీద కేకుల్లో అదే ఉంటుంది. ఏ గురువారమో పెట్టుకో. వెజ్ ఎంతమందికో ముందే చెప్పు, వెజ్ అన్నంత మాత్రాన సరిపోదు, జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) కూడా ఉండకూడదని విడిగా చెప్పు. స్కోన్ (టీతో తినే చిన్న బన్ను లాంటిది) మీద జామ్ ముందా, క్రీమ్ ముందా అని వాళ్ళలో వాళ్ళకే తగువు. డెవన్ వాళ్ళు క్రీమ్ ముందు రాస్తారు, కార్న్‌వాల్ వాళ్ళు జామ్ ముందు. మీ అమ్మ ఎలా రాసుకున్నా తప్పు పట్టేవాళ్ళు లేరు. హ్యాండ్‌బ్యాగ్‌లో ఆవకాయ సీసా మటుకు ఇంట్లోనే తీయించేయ్, ఆ నూనె చుక్క తెల్ల గుడ్డ మీద పడిందంటే మనం ఉన్నంతసేపూ అదే కనబడుతుంది.

ఇక మీ నాన్న సంగతి. ఇక్కడ విస్కీ సింగిల్ పెగ్గు అంటే చాలాచోట్ల 25 మిల్లీలీటర్లే. తెనాలిలో 60 పెగ్గు అలవాటైన మనిషి దాన్ని చూసి "ఇదేమిటి, పుక్కిలించడానికా" అంటారు. విస్కీ జోలికి పోకుండా ఆయనకి పిమ్స్ అనే జిన్ కలిసిన మద్యం ఇప్పించు. ఒక వంతు పిమ్స్‌కి మూడు వంతుల లెమనేడ్ పోసి, స్ట్రాబెర్రీ, దోసకాయ ముక్కలు, పుదీనా వేసి జగ్గులో తెస్తారు. లెమనేడ్ అంటే మన నిమ్మరసం అనుకునేవు, కాదు, తియ్యటి సోడా. పానకంలా దిగిపోతుంది, ప్రమాదమూ అదే. పిమ్స్‌లో ఆల్కహాల్ బాగానే ఉంటుంది. రెండో గ్లాసు తర్వాత జగ్గు నీ వైపుకి జరుపుకో. ఆగస్టులో అయితే ఇంకో గొడవ, కందిరీగలు. ఒకసారి నా గ్లాసులో స్ట్రాబెర్రీ ముక్క మీద ఒకటి కూర్చుని, రెక్కలు తడిసి, పుదీనా ఆకు పట్టుకుని పైకి పాకుతోంది. నేను మాటల్లో పడి గ్లాసు పెదాల దాకా తెచ్చేశాను. పక్క టేబుల్ ముసలావిడ లేచొచ్చి, మాటా పలుకూ లేకుండా నా గ్లాసు మీద సాసర్ బోర్లించి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నేనూ సాసర్ మూత పెట్టే తాగుతాను.

మీ నాన్నకి పేపరు పిచ్చి కదా, ప్రొఫ్యూమో కథ చెప్పు. ఆయన బ్రిటన్ యుద్ధమంత్రి. 1961లో క్రిస్టీన్ కీలర్ అనే మోడల్‌ని మొదట చూసింది ఆ ఎస్టేట్‌లో ఈతకొలను దగ్గరే, ఆమెతో సంబంధం గురించి పార్లమెంటులో అబద్ధం చెప్పి, 1963లో రాజీనామా చేశాడు. నాకు మాత్రం నచ్చేది నాన్సీ ఆస్టర్ సంగతి. ఆ ఇంటి కోడలు, బ్రిటన్ పార్లమెంటులో కూర్చున్న మొదటి మహిళ, 1919లో. ఆవిడ మందు చుక్క ముట్టేది కాదు, 18 ఏళ్ళలోపు వాళ్ళకి మద్యం అమ్మకూడదని 1923లో చట్టం తెప్పించింది. ఇప్పుడు మనం ఆవిడ ఇంటి ముందే కూర్చుని గ్లాసులు తాకించుకుంటున్నాం!

డబ్బు దగ్గర రెండు మాటలు. మంచినీళ్ళు అడిగేటప్పుడు "ట్యాప్ వాటర్" అని చెప్పు, లేకపోతే సీసా తెచ్చి బిల్లు వేస్తారు. మద్యం అమ్మే చోట ట్యాప్ నీళ్ళు ఊరికే ఇవ్వాలని ఇక్కడ చట్టమే ఉంది. బిల్లులో సర్వీస్ చార్జ్ కలిపారేమో చూడు, సాధారణంగా 12.5 శాతం ఉంటుంది. అది ఉంటే మళ్ళీ టిప్ పెట్టక్కర్లేదు. 2024 అక్టోబర్ నుంచి అది మొత్తం పనివాళ్ళకే ఇవ్వాలి కాబట్టి, బాగా చూసుకుంటే తీయించకు. బిల్లు నువ్వు అడిగేదాకా తేరు, దాన్ని నిర్లక్ష్యం అనుకోకు.

అమ్మని పట్టుచీరే కట్టుకోమను, హీల్స్ మాత్రం వద్దు, కంకర నేల. ఏడు దాటితే నది వైపు నుంచి చల్లగాలి కొడుతుంది. నా కాశ్మీరీ శాలువా ఉతికి పెట్టాను, ఆదివారం వచ్చి తీసుకెళ్ళు, వచ్చేటప్పుడు కరివేపాకు తే.

మీ పెద్దమ్మ