నావికుడి విగ్రహం నిలబెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడిని మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

1971 యుద్ధంలో మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ ఖుక్రీతో పాటు సముద్రంలో కలిసిపోయిన మన ఊరి నావికుడికి విగ్రహం పెట్టాలని మీ సంఘం తలపెట్టినట్లు తెలిసి సంతోషించాను. విగ్రహం ఎన్ని అడుగులుండాలి, ఏ శిల్పికి అప్పగించాలి అని నీవు అడిగావు గాని, నేను ముందుగా పేరు చెక్కే రాయి గురించి చెబుతాను. ఆ ఏడాది డిసెంబరు 9 రాత్రి డయ్యూ తీరానికి దూరంగా పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ఆ ఓడను ముంచినప్పుడు 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఓడను విడిచి రాని కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా పేరు, మరణానంతరం ఆయనకిచ్చిన మహావీర చక్ర సంగతి దేశానికి తెలుసు. ఆ 176 మంది పేర్లు వారి వారి ఊళ్ళలోనైనా తెలిస్తే గొప్ప. ఓడతో మునిగినవారికి సమాధి లేదు, అస్థికలు లేవు. డయ్యూలో గాజు మందిరంలో ఉంచిన ఓడ నమూనాతో స్మారకం ఉన్నది గాని, మన తీరం నుండి అంత దూరం వెళ్ళి నమస్కరించి రాగలవారు ఎందరు?

నేవీ రికార్డులలో మన ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోవడం, పేరు ముందువెనుకలు కావడం మామూలే. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ముంబైలోని నావికుల బ్యూరోకు వ్రాయించి, హోదా, సర్వీసు నంబరు, ఓడ, తేదీ అధికారికంగా తెప్పించుకోండి. తెలుగులో పేరు మాత్రం ఆ ఇంటివారు ఎలా వ్రాస్తారో అలాగే ఉండాలి. అక్షరాలు రంగుతో వ్రాయించకుండా టెక్కలి నీలి గ్రానైటు మీద లోతుగా చెక్కించండి, ముసలివారు కూర్చుని కూడా చదువుకోగల ఎత్తులో ఉంచండి. దాతల పేర్లు, ఆవిష్కర్తల పేర్లు వెనుక వైపు వేయండి. దీని మీద తగవు వస్తుంది, వచ్చినా పట్టు విడవవద్దు.

స్థలం విషయంలో బస్టాండు కూడలి ఆలోచన మానుకోండి. రోడ్లు, కాలిబాటలు, ప్రజోపయోగ స్థలాలలో విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఆదేశించింది. తీరానికి మరీ దగ్గరగా కడితే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు అడ్డు వస్తాయి. ఆయన చదివిన బడి ఆవరణ దొరికితే అంతకంటే మంచి చోటు లేదు. యాజమాన్యం అనుమతి కాగితం మీద తీసుకున్న తరువాతనే శిల్పికి బయానా ఇవ్వండి.

ఇక విగ్రహం. ఉప్పుగాలి సంగతి పుట్టినప్పటి నుండి ఎరిగినవాడివి, ఇంట్లో కిటికీ ఊచలు ఏమవుతాయో చూస్తూనే ఉన్నావు. సిమెంటు విగ్రహంలోని ఇనుప చువ్వ తుప్పు పట్టి ఉబ్బితే పైపొర పగిలిపోతుంది, ఎండకు ఫైబర్ పెళుసెక్కుతుంది. డబ్బు సమకూరితే కంచు పోత పోయించండి. సమకూరకపోతే పూర్తి విగ్రహం మాని కంచు ముఖప్రతిమతో సరిపెట్టుకోండి, అందులో చిన్నతనమేమీ లేదు. కంచుకు ఇనుప బోల్టులు తగిలిస్తే తేమలో ఆ ఇనుము త్వరగా తుప్పు పట్టిపోతుంది కనుక లోపలి ఊతాలు, బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే వాడమనండి. లోపల చేరిన నీరు పోవడానికి అడుగున రంధ్రాలు ఉండాలి. బంగారు రంగు మాత్రం దయచేసి పూయించవద్దు.

తెనాలిలోనైనా, కొత్తపేటలోనైనా మంచి శిల్పులున్నారు గాని, నాయకుల విగ్రహాలు చేసి చేసి అలవాటుపడిన చేయి నావికుడిని కూడా భుజాల మీద నక్షత్రాలు తగిలించి అధికారిని చేసే ప్రమాదం ఉంది. నావికుల హోదాలలో లీడింగ్ సీమన్ గుర్తు చేతిమీద లంగరు, పెట్టీ ఆఫీసర్‌కు అడ్డంగా కలిసిన రెండు లంగర్లు. ఆ కుటుంబం దగ్గరున్న యూనిఫాం ఫోటోను మించిన ఆధారం లేదు. వెనుక నౌకాదళ పతాకం చెక్కించాలనుకుంటే, 2022 సెప్టెంబరు 2న వచ్చిన కొత్త పతాకం కాదు, ఆయన సెల్యూట్ చేసిన 1971 నాటి ఎర్ర శిలువ పతాకమే ఉండాలి. ఇవన్నీ మట్టి నమూనా దశలోనే సరిచూసుకోవాలి. పోత పోసిన తరువాత దిద్దడం అంటే కొత్తగా చేయించడమే.

చందాలలో కొంత మొత్తం ముందే తీసి, బడి పేరున బ్యాంకులో వేసి, దాని వడ్డీతో ఏటా మంచినీటితో కడిగించి మైనం పూత వేయించే ఏర్పాటు చేయండి. నౌకాదళ దినోత్సవం డిసెంబరు 4న జరుపుకోండి, కాని పూలమాల వేసే రోజు 9వ తేదీయే కావాలి.

మట్టి నమూనా సిద్ధం కాగానే ముందు నుండి, రెండు పక్కల నుండి, చేతి గుర్తు దగ్గరగా కనపడేలా ఫోటోలు తీసి పంపు. నేను చూసి జవాబు వ్రాసే వరకు అచ్చు తీయనివ్వవద్దు.

ఇట్లు,
మీ మామయ్య