సతి నాము అంటే భార్య పేరా?

ప్రశ్న: మా ఊరి దగ్గర 44 నెంబరు హైవే మీద ఒక పంజాబీ ఢాబా ఉంది సార్, క్యాష్ కౌంటర్ వెనక గోడ మీద ఏవో అక్షరాలు ఫ్రేమ్ కట్టించి పెట్టినారు. ఫొటో తీసి లిపి మార్చే యాప్‌లో వేస్తే తెలుగులో ‘సతి నాము కరతా పురఖు’ అని వచ్చింది. సతి అంటే భార్య కదా, దేవుని దగ్గర భార్య పేరేంది? ఓనర్‌ని అడగాలంటే మొహమాటంగా ఉంది. (ఒక పాఠకుడు, గుత్తి)

జవాబు: అడగకపోవడమే మంచిదైంది లెండి, అడిగింటే ఆయన రోటీ కాల్చడం ఆపేసి మిమ్మల్నే చూస్తుండేవాడు. మీరు చూసింది మూల మంత్రం, సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ మొదలయ్యేదే దాంతో. తప్పు యాప్‌ది కూడా కాదు, అది ఉన్నది ఉన్నట్టు రాసింది, కాకపోతే ఆ గ్రంథం రాసిన గురుముఖి లిపిలో మాట చివర వచ్చే చిన్న ఇ, చిన్న ఉ రాస్తారే గానీ పలకరు, చదివేటప్పుడు ‘సత్ నామ్’ అనే అంటారు. మరి పలకనిదాన్ని రాయడం ఎందుకంటే, సతి చివర ఉన్న ఇ మన సత్యంలోని య మిగిల్చిపోయిన గుర్తు, నాము చివర ఉన్న ఉ ఏమో ఇది ఏకవచనం, పుంలింగం, వాక్యంలో కర్తగానో కర్మగానో నిలబడింది అని చెప్పే గుర్తు. మన నాలుకకి చివర ఉ లేనిదే మాట పూర్తయినట్టుండదు కాబట్టి మనం నాము, హుకము అని హాయిగా చదివేస్తాం, కానీ వాళ్ళ ఉ పని వేరు. అదే మాట చివర ఇ వస్తే చాలాసార్లు మన ‘తో, వల్ల, లో’ చేసే పని చేస్తుంది. మూల మంత్రం చివర్లో ‘గుర ప్రసాది’ అని ఉంటుంది చూడండి, ఆ ఇ వల్లనే దానికి గురువు దయవల్ల అని అర్థం వస్తుంది, అక్కడ ప్రసాదం అంటే అనుగ్రహం, పులిహోర కాదు.

ఇంకోటి, ఆ ఫ్రేములో మొట్టమొదట ఉండేది అక్షరం కాదు, అంకె. ఒకటి అంకె వేసి పక్కన ఓంకారం రాస్తారు, ఏక్ అని అక్షరాల్లో రాయరు. మిగతా మాటలన్నీ మన బంధువులే, కాకుంటే వేషం మార్చుకున్నారు. కరతా పురఖు అంటే కర్తయైన పురుషుడు, నిరభఉ అంటే భయం లేనివాడు, నిరవైరు అంటే వైరం లేనివాడు. అజూనీ మన అయోని, ఏ గర్భంలోనూ పుట్టనివాడు. సైభం అనేది నేను మొదటిసారి విన్నప్పుడు ఎటూ అర్థం కాలేదు, తీరా చూస్తే స్వయంభూ! మన జిల్లాల్లో సగం గుళ్ళ బోర్డుల మీద ఉండే మాటే, స్వ కాస్తా సై అయిపోయి కూర్చుంది. ఒక్క ‘అకాల మూరతి’ దగ్గర మాత్రం జాగ్రత్త, మనకి అకాలం అంటే కల్లంలో శనక్కాయ ఆరబోసినప్పుడు పడే వాన, వాళ్ళకి కాలానికి అందనిది, సిక్కులు పలకరించుకునే సత్ శ్రీ అకాల్ లో ఉన్నది కూడా అదే.

ప్రశ్న: మా ఆఫీసులో పొద్దున లేస్తే అర్జీలే. గురుద్వారాలో ప్రార్థనని అర్దాస్ అంటారని చదివినా, రెండింటికీ ఏమైనా చుట్టరికం ఉందా? (ఒక ఉద్యోగిని, ఆదోని)

జవాబు: ఉందక్కా, దగ్గర చుట్టరికమే. అర్జ్ అంటే విన్నవించుకోవడం, అరబ్బీ మాట. పారసీలో పెద్దవాళ్ళకి రాసుకునే విన్నపాన్ని అర్జ్‌దాశ్త్ అనేవాళ్ళు, అదే పంజాబీలో అరిగి అర్దాస్ అయింది, మనదగ్గర ఆ అర్జే కచేరీల దారిన అర్జీ అయి మీ టేబుల్ మీదికొచ్చింది. దేవుడికి పెట్టుకున్నా కలెక్టరుకి పెట్టుకున్నా మాట ఒకటే అన్నమాట. గురు నానక్ కూడా సుల్తాన్‌పుర్‌లో దౌలత్ ఖాన్ లోడీ దగ్గర సరుకుల గిడ్డంగి లెక్కలు చూసినాడని చెప్తారు, అందుకే ఆయన మాటల్లో కచేరీ వాసన తగులుతుంటే నాకేం వింతగా ఉండదు. జపుజీ అని గ్రంథం మొదట్లో ఉండే ఆయన ప్రార్థనలో, మొదటి మెట్టులోనే (పద్యాన్ని వాళ్ళు మెట్టు అంటారు) ‘హుకమి రజాయీ చలణా’ అంటాడు. హుకం మన హుకుమే, కాకపోతే తహసీల్దారు జారీ చేసేది కాదు, సృష్టినంతా నడిపే ఆజ్ఞ. రజా అంటే ఇష్టం, సమ్మతి. పైవాడు సమ్మతిస్తేనే కదా సెలవు, అట్లా అది మనవైపు రజా పెట్టడం అయింది, కన్నడంలో రజె అయింది. ఆ ఒక్క ముక్కలో రెండు ఆఫీసు మాటలు!

ఇంకొక తమాషా, గ్రంథంలో జ చాలాచోట్ల ద అయిపోతుంది. నజర్ అంటే చూపు, అక్కడ నదరి అంటారు, దేవుడి చల్లని చూపు అని. కాగజ్‌ని కాగదు అంటారు. మడకశిర వైపు కన్నడం తెలిసినవాళ్ళు ఇది చదివి నవ్వుకుంటారు, వాళ్ళకి కాగితం ఎప్పట్నుంచో కాగదమే.

ప్రశ్న: లంగర్ అంటే అన్నదానం, మరి పడవకి వేసే లంగరు ఏంది? (ఒక విద్యార్థి, కడప)

జవాబు: సముద్రం లేని కడపలో ఈ డౌటు రావడమే గొప్ప. రెండూ పారసీ లంగరే అబ్బాయ్. పారసీలో పడవని పట్టి ఉంచేదీ లంగరే, సూఫీల మఠాల్లో, అంటే ఖాన్‌ఖాల్లో, వచ్చినోళ్ళందరికీ తిండి పెట్టే వంటశాలా లంగరే. మనం పడవది తీసుకున్నాం, పంజాబు తిండిది తీసుకుంది. అక్కడ కులం గిలం చూడకుండా అందరూ వరసగా కింద కూచుని తింటారు, ఆ వరసని పంగత్ అంటారు, మన పంక్తి భోజనంలోని పంక్తే. గుంపుగా కూడేదాన్ని సంగత్ అంటారు, అది మన ‘ఏం సంగతి’ లోని సంగతికి చుట్టమే, కలవడం అనే అర్థం వాళ్ళ దగ్గర నిలిచింది, కలిసినప్పుడు చెప్పుకునే కబురు మన దగ్గర మిగిలింది అని నాకనిపిస్తుంది. కచేరీల్లో తిరిగే ఇట్లాంటి మాటల కోసమే మీ ఊళ్ళో కొన్నాళ్ళు ఉండి వెళ్ళిన బ్రౌన్ దొర 1854లో విడిగా ఒక నిఘంటువు వేసినాడు, ఆయన పేరుతో లైబ్రరీ మీ ఊళ్ళోనే ఉంది, పోయి అడుగు.

ప్రశ్న: ఖాల్సా, ఖల్లాస్ ఒకటేనా? ఫ్రెండ్‌తో బిర్యానీ పందెం. (కర్నూలు)

జవాబు: పందెం సగం సగం. అరబ్బీలో ఇద్దరి ధాతువు ఒకటే, దేన్నుంచైనా విడిపడటం అని. మరకల్లోంచి విడిపడితే ఖాలిస్, అంటే స్వచ్ఛం, పని విడిపోతే ఖల్లాస్. ఖాల్సా మాత్రం మొగలాయీల రెవెన్యూ లెక్కల్లో కూడా ఉంది, జాగీరుదారు ఎవడూ మధ్యలో లేకుండా నేరుగా పాదుషా కింద ఉండే భూమి. బనగానపల్లె జాగీరు కథలు విని పెరిగిన మీకు ఇది ఇట్టే ఎక్కుతుంది. 1699 వైశాఖిలో గురు గోవింద్ సింగ్ ఖాల్సా అనే సిక్కు సమూహాన్ని నిలబెట్టినాడు, గురువుకీ జనానికీ మధ్య కానుకలు వసూలు చేసే మసందులనే వాళ్ళని తీసేసింది కూడా ఆయనే. అంటే నేరుగా గురువు మనుషులు. అంతకు ముందే గ్రంథంలో కబీరు పదం ఒకదాంట్లో ఈ మాట ఉంది, ప్రేమభక్తి తెలిసినోళ్ళు ఖాల్సాలైపోయినారు అని. బిర్యానీ బిల్లు ఇద్దరూ చెరిసగం కట్టండి, గుత్తి దగ్గర ఢాబాలో మాత్రం ఖాల్సా ఖల్లాస్ అని జోకులెయ్యద్దు.