కోడిపిల్లల కంటే ముందు వెచ్చదనం ఇంటికి రావాలి

పెరటి పెంపకం: పాఠకుల ప్రశ్నలకు పశువైద్యుని జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మేము కరీంనగర్ శివార్లలో సొంత ఇంట్లో ఉంటున్నాము. ఇంటి వెనుక కొంత ఖాళీ స్థలం, ఒక వేపచెట్టు ఉన్నాయి. దసరా సెలవుల్లో ఆరు కోడిపిల్లలను తెచ్చి పెంచుకుందామని మా పిల్లలిద్దరూ పట్టుబడుతున్నారు. వారికి పదేళ్లు, ఏడేళ్లు. మాంసం కోసం కాదు. గుడ్లు పెడితే సంతోషమే. అట్టపెట్టెలో బల్బు పెడితే చాలునని మావారు అంటున్నారు. మా కాలంలో గంప కింద వాటంతట అవే పెరిగేవి, ఇంత హడావిడి ఎందుకని మా అత్తమ్మ అంటున్నారు. మాకు ఇదే మొదటిసారి. ఏమేమి సిద్ధం చేసుకోవాలో, ఎలాంటి పిల్లలను తెచ్చుకోవాలో దయచేసి చెప్పండి. – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ అత్తమ్మగారి మాటలో అబద్ధమేమీ లేదమ్మా. అయితే ఆ గంప కింద పిల్లలతో పాటు తల్లికోడి కూడా ఉండేది. చలి వేస్తే పిల్లలను రెక్కల కిందికి తీసుకొనేది, నూకగింజను ముక్కుతో పొడిచి చూపించి తినడం నేర్పేది, గద్ద నీడ కనబడగానే ఒక్క కూతతో అన్నింటినీ దగ్గరికి పిలుచుకొనేది. గుడ్లు పొదిగించి పిల్లలను అమ్మే హ్యాచరీ నుంచి మీరు తెచ్చుకొనే ఒక రోజు పిల్లకు ఆ తల్లి లేదు. తల్లి చేసే పనులన్నీ ఇక మీ ఇంట్లోవాళ్లు చేయవలసినవే. అందులో మొదటిది, ఒక్క రాత్రి కూడా వాయిదా వేయడానికి వీలులేనిది వెచ్చదనం.

పుట్టిన పిల్ల ఒంటిమీద ఉండేది నూగు మాత్రమే. అసలైన ఈకలు నిండుగా రావడానికి ఐదారు వారాలు పడుతుంది. అంతవరకు తన ఒంటి వేడిని తాను కాపాడుకోలేదు. మొదటి వారంలో పిల్ల వీపు ఎత్తున, అంటే నేల మీద పరిచే వరిపొట్టుకు రెండంగుళాల పైన, 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. ఆ తరువాత వారానికి మూడేసి డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. దసరా నాటికి మన ప్రాంతంలో పగటి వేడి బాగానే ఉంటుంది కనుక రెండో వారం దాటాక పగలు బల్బు అవసరం చాలావరకు తగ్గిపోతుంది. రాత్రి, ముఖ్యంగా తెల్లవారుజామున, తప్పనిసరిగా ఉండాలి.

మీవారు బల్బు అన్నారని రాశారు. ఇక్కడ ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఇప్పుడు అందరి ఇళ్లలోనూ ఉన్నవి ఎల్‌ఈడీ బల్బులు. వాటి నుంచి వెలుతురే గాని, పిల్లలకు సరిపోయే వేడి రాదు. లోపల తీగ ఎర్రగా వెలిగే పాతరకం బల్బు, ఆరు పిల్లలకు 60 వాట్లది, అడిగి కొనండి. ఇంకొకటి అదనంగా ఉంచుకోండి, ఎందుకంటే ఆ బల్బు మాడిపోవడానికి వేళాపాళా ఉండదు. పొట్టుకు అడుగున్నర ఎత్తున వేలాడదీయండి. కరెంటు తీగ మీద భారం పడకుండా గట్టి ఇనుప తీగతో రెండు చోట్ల కట్టండి. ఎండిన పొట్టు మీద వేడి బల్బు పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అట్టపెట్టె వాడవచ్చు, కాని నాలుగు మూలలున్న పెట్టె నాకు ఇష్టం లేదు. చలి వేసిన పిల్లలు ఏదో ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, అడుగున పడినవి ఊపిరాడక చనిపోతాయి. నా ఉద్యోగం తొలి రోజుల్లో ఒక ఇంటివారు తెల్లవారగానే కబురు పంపితే వెళ్లాను. కొత్తగా తెచ్చిన పన్నెండు పిల్లలను పెద్ద అట్టపెట్టెలో ఉంచారు. రాత్రి మూడు గంటలప్పుడు కరెంటు పోయిందట. ఒక మూలలో ఏడు పిల్లలు ముద్దగా ఉన్నాయి. పైన ఉన్న రెండింటిని ఎత్తితే కదిలాయి, కింది ఐదూ అప్పటికే బిగుసుకుపోయాయి. వాటి నూగు తడిసినట్టుగా ఒంటికి అంటుకుపోయి ఉంది. ఆ ఇంటి చిన్నపిల్లవాడు వాటిని లెక్కపెడుతూ మాటిమాటికీ ఒకటి దగ్గరికే తిరిగి వచ్చేవాడు. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా రెండు మాటలు తప్పకుండా చెబుతున్నాను. మొదటిది, పెట్టె బదులు అడుగున్నర ఎత్తున్న దళసరి అట్టను లేదా రేకును గుండ్రంగా వంచి, మూడడుగుల వెడల్పున కంచెలా నిలబెట్టండి. రెండోది, కరెంటు పోతే ఏం చేయాలో ముందే అనుకొని ఉంచండి. ఒక సీసాలో వేడినీళ్లు నింపి మూత బిగించి, పాతగుడ్డ చుట్టి పిల్లల మధ్య పెట్టి, కంచె పైన సగం వరకు గోనెసంచి కప్పితే గంటా రెండు గంటలు గడుస్తాయి. కుంపటి మాత్రం వద్దు, ఆ పొగ పిల్లలకూ మీకూ కూడా ప్రమాదం.

బల్బును కంచె మధ్యలో కాకుండా ఒక పక్కకు కట్టండి. అప్పుడు ఒకవైపు వెచ్చగా, మరోవైపు చల్లగా ఉండి, తనకు కావలసిన చోటును పిల్ల తానే వెతుక్కుంటుంది. థర్మామీటరు ఉంటే మంచిదే. దానికంటే నమ్మదగినవి పిల్లలే. బల్బు కింద గుంపుగా చేరి కీచుగా, ఆపకుండా అరుస్తున్నాయంటే చలి వేస్తున్నట్టు. బల్బుకు దూరంగా కంచెను ఆనుకొని రెక్కలు వేలాడేసి, నోరు తెరిచి రొప్పుతున్నాయంటే వేడి ఎక్కువైనట్టు. అన్నీ ఒకే పక్కకు సర్దుకొని ఉంటే ఎక్కడినుంచో చలిగాలి వస్తున్నట్టు. కంచె అంతటా చెదిరి, కొన్ని తింటూ కొన్ని మెడ చాచి నిద్రపోతూ, మధ్యమధ్య చిన్నగా కిచకిచలాడుతుంటే బల్బును ముట్టుకోకండి. పిల్లలు వచ్చే ముందురోజు సాయంత్రమే బల్బు వెలిగించి, రాత్రంతా ఉంచి చూడండి. అప్పుడు నేలా పొట్టూ కూడా వేడెక్కి సిద్ధంగా ఉంటాయి.

నేల మీద రెండు మూడంగుళాల మందాన పొడి వరిపొట్టు పరవండి. మొదటి రెండు మూడు రోజులు పిల్లలు పొట్టునే మేత అనుకొని తింటాయి గనుక పైన కాగితం వేయడం ఆనవాయితీ. కాని నున్నని వార్తాపత్రిక మీద కాళ్లు జారి, తొడలు రెండు పక్కలకు చీలిపోయినట్టు అయ్యే పిల్లలను చాలా చూశాను. కాగితానికి బదులు పాత నూలుగుడ్డ పరిచి, దాని మీదే సన్నని మొక్కజొన్న నూక కొద్దిగా చల్లండి, రోజూ గుడ్డ మార్చండి. ఆ తరువాత గుడ్డ తీసేసి పొట్టును రోజూ తిరగేస్తూ, నీళ్లు పడి తడిసిన భాగాన్ని తీసి పారేయండి. రెట్టలో రక్తం పడే రక్త పారుడు జబ్బుకు తడి పొట్టే పుట్టిల్లు.

పిల్లలను పొద్దున్నే తెచ్చుకోండి. సాయంత్రం తెస్తే అవి మేతా నీళ్లూ చూసుకొనే లోపే చీకటి పడుతుంది. గుడ్డులోని పచ్చసొన మిగులు పొట్టలో ఉండడం వల్ల రెండు రోజుల వరకు పిల్ల తట్టుకోగలదు, కాని ప్రయాణంలో దాహం వేస్తుంది. అందుకని ముందు నీళ్లు, గంటో రెండు గంటలో ఆగి మేత. గోరువెచ్చని నీటిలో కొద్దిగా బెల్లం కలిపి, ఒక్కొక్క పిల్లను చేతిలోకి తీసుకొని ముక్కు కొన మాత్రం నీటికి తగిలించండి. ఒకసారి మింగి తల పైకెత్తిందంటే ఆ పిల్లకు దారి తెలిసినట్టే. నీళ్లు పెట్టేది లోతులేని పళ్లెమైతే అందులో శుభ్రమైన గులకరాళ్లు వేయండి, లేకపోతే పిల్లలు అందులో పడి తడిసిపోతాయి. రాత్రి పడుకొనే ముందు ప్రతి పిల్ల మెడ కింద, రొమ్ముకు పైన ఉండే మేత సంచిని వేలితో మెల్లగా తడిమి చూడండి. మెత్తగా, నిండుగా తగిలితే పిల్ల తిన్నది. ఖాళీగా ఉంటే ఆ పిల్లను వేరుగా కనిపెట్టి చూడాలి. అలాగే రెట్ట వెనుకభాగానికి అంటుకొని ఎండిపోయిందేమో గమనించి, ఉంటే గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో మెత్తబరిచి తీయండి. పొడిగా లాగితే చర్మం చిరుగుతుంది.

మేత విషయంలో నూకలు చాలునని చాలామంది అనుకుంటారు. నూకలతో కడుపు నిండుతుంది, ఎముకా కండా పట్టవు. ఎనిమిది వారాల వరకు చిక్ స్టార్టర్ అని అడిగి కొనండి, అందులో మాంసకృత్తులు 20 శాతం దాకా ఉంటాయి. గుడ్లు పెట్టే కోళ్ల దాణా మాత్రం పిల్లలకు పెట్టకండి, అందులోని అధిక సున్నం లేత మూత్రపిండాలను పాడుచేస్తుంది. బూజు వాసన వచ్చిన దాణా ఎంత ఖరీదైనదైనా పారేయండి.

ఏ పిల్లలను తేవాలన్న ప్రశ్నకు వస్తాను. పందెం జాతి అయిన అసీల్ చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది, కాని పుంజులు చిన్ననాటి నుంచే కొట్లాడుకుంటాయి గనుక మొదటిసారి పెంచేవారికి చెప్పను. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ, వనరాజ రకాలు, అక్కడి పశువైద్య విశ్వవిద్యాలయం రూపొందించిన రాజశ్రీ మన పెరళ్లకు బాగా అలవాటుపడ్డాయి. మీకు గుడ్ల మీద ఆశ ఉంది కాబట్టి గ్రామప్రియ లేదా రాజశ్రీ మేలు. ఇంకొక మాట కూడా మనసులో ఉంచుకోండి. పిల్లలను పెట్టా పుంజూ అని వేరు చేయకుండానే అమ్ముతారు, అంటే ఆరింటిలో మూడు పుంజులు కావచ్చు. అవి పెరిగి తెల్లవారుజామున కూయడం మొదలుపెట్టాక ఎవరికి ఇవ్వాలి, ఏం చేయాలి అన్నది మీ పిల్లలు వాటికి పేర్లు పెట్టకముందే ఇంట్లో మాట్లాడుకోండి. గుడ్లకు పుంజు అవసరం లేదు.

నన్ను అడిగితే, మదర్ యూనిట్లలో నాలుగు వారాలు పెంచి, తొలి టీకాలు వేసి ఇచ్చే పిల్లలను తెచ్చుకోమంటాను. బల్బు బాధ చాలావరకు తప్పుతుంది, చావులూ తక్కువ. అరచేతిలో ఇమిడే పసుపుపచ్చని పిల్లలే కావాలని మీ ఇంట్లో అడుగుతారని తెలుసు. ఆ కోరిక తప్పు కాదు, అయితే మొదటి పది రోజులు రాత్రిపూట ఒకసారి లేచి చూసేవారు ఇంట్లో ఒకరుండాలి.

ఆరో వారానికి గూడు కావాలి, దాన్ని ఇప్పుడే కట్టించండి. ఒక్కొక్క కోడికి మూడు నాలుగు చదరపు అడుగులు లెక్క వేసుకోండి. కోళ్ల జాలీ పెద్ద కుక్కను ఆపుతుందేమో గాని ముంగిసనూ పామునూ ఆపదు. అరంగుళం కన్నాల వెల్డింగు జాలీ వేయించి, దాని అంచును అడుగు లోతున భూమిలోకి దించండి, లేకపోతే పందికొక్కు తవ్వుకొని వస్తుంది. మీ వేపచెట్టు నీడ వేసవిలో వాటికి ప్రాణదానం చేస్తుంది, గూడు అక్కడే పెట్టించండి.

మొదటి రోజు కోడిపిల్లలను ఎవరూ ఎత్తుకోకుండా చూడండి. తరువాత మీ చిన్నారులు నేల మీద కూర్చొని, రెండు చేతులూ దోసిలిగా పట్టి, కాసేపు ఆడుకోవచ్చు. ముద్దు పెట్టుకోవడం మాత్రం వద్దు; కోడిపిల్లల నుంచి మనుషులకు విరేచనాలు కలిగించే సూక్ష్మజీవులు సోకుతాయి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ప్రశ్న: అయ్యా, వీధిలో సైకిల్ మీద బుట్టలో అమ్మే రంగు కోడిపిల్లలను మా మనవరాలు మూడింటిని కొనిపించుకుంది. ఒకటి గులాబీ, రెండు ఆకుపచ్చ. రాత్రికి రాత్రే రెండు చనిపోయాయి. మిగిలింది తల వాల్చేస్తోంది. రంగు విషమా? కడిగేయాలా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: కడగవద్దు. తడిసిన పిల్ల ఆ చలికే పోతుంది. ఈకలు వచ్చేకొద్దీ రంగు దానంతట అదే పోతుంది. చనిపోయిన రెండూ చాలావరకు చలికీ దాహానికీ పోయి ఉంటాయి. ఇలా అమ్మేవి చాలావరకు గుడ్ల జాతి కోళ్లలో పుంజులని హ్యాచరీలు పక్కన పెట్టేసిన పిల్లలు. వాటిని వెచ్చదనం లేకుండా, నీళ్లు లేకుండా ఎండలో గంటల తరబడి తిప్పుతారు. ఇప్పుడు ముందుగా పిల్లను వెచ్చబరచండి, చల్లబడి ఉన్న పిల్ల నోట్లో మేత పెట్టకండి. పైన చెప్పినట్టు బల్బు కింద గానీ వేడినీళ్ల సీసా పక్కన గానీ పెట్టి, కాళ్లు వెచ్చబడ్డాక అర చెంచా చక్కెర కలిపిన అరగ్లాసు గోరువెచ్చని నీటికి ముక్కు కొన తగిలించండి. నీళ్లు నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. లేచి నిలబడిందంటే అదే వయసున్న తోడు పిల్లను మంచి చోటి నుంచి తెచ్చి పెట్టండి, ఒంటరి పిల్ల అరిచి అరిచి నీరసిస్తుంది. ఆ బుట్ట దగ్గర మాత్రం ఇంకెప్పుడూ కొనకండి. జాలితో మనం కొన్న ప్రతిసారీ ఆ అమ్మేవాడు మరుసటి రోజు ఇంకో బుట్ట నింపుకొని వస్తాడు.

ప్రశ్న: మా పెరట్లో పది కోడిపిల్లలే ఉన్నాయి. ఇంత తక్కువ సంఖ్యకు టీకాలు అవసరమా? బర్డ్ ఫ్లూ వార్తలు చూసి భయంగా ఉంది. – ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: కొక్కెర తెగులుకు పది కోళ్లా పదివేల కోళ్లా అన్న తేడా లేదు. ఏడో రోజుకు ఆ తెగులును ఆపే లసోటా టీకా కంట్లో ఒక చుక్క, పద్నాలుగో రోజుకు గంబోరో అనే మరో జబ్బుకు టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఆరేడు వారాలకు మశూచి టీకా, ఎనిమిదో వారం దాటాక రెక్క కింద కొక్కెర తెగులుకే ఆర్‌2బి ఇంజెక్షను – ఇది సాధారణ వరుస. మీ ఊరి పశువైద్యుణ్ణి అడిగి తేదీలు ఖాయం చేసుకోండి. చిక్కు ఏమిటంటే టీకా సీసా వందకు తక్కువ కోళ్లకు దొరకడం అరుదు, కలిపిన మందు రెండు గంటల్లో వాడేయాలి. అందుకని వీధిలో కోళ్లున్న నాలుగైదు ఇళ్లవారు కలిసి ఒకే రోజు వేయించుకోవడం మంచిది. సీసాను మంచుముక్కలున్న ఫ్లాస్కులోనే తీసుకురండి, చేతిలో పట్టుకొని ఎండలో వస్తే ఆ టీకా పనిచేయదు.

2025 ఫిబ్రవరిలో మీ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన మాట నిజమే. పెరటి కోళ్ల నీళ్ల పళ్లెం దగ్గరికి కొంగలు, కాకులు, బాతులు రాకుండా చూసుకోండి, కోళ్ల ఫారం నుంచి వచ్చినవారిని చెప్పులతో గూడు దగ్గరికి రానీయకండి. కొత్తగా తెచ్చిన కోడిని రెండు మూడు వారాలు విడిగా ఉంచాకే పాతవాటితో కలపండి. ఒక్కసారిగా రెండు మూడు కోళ్లు చనిపోతే ఉత్త చేతులతో తాకకుండా, కోసి వండకుండా, వెంటనే పశువైద్యశాలకు గానీ పశువైద్య సహాయ నంబరు 1962కు గానీ తెలియజేయండి.