పదార్థ స్థితుల పాఠానికి వీడియో చాలదా, ప్రయోగాలు చేయించాల్సిందేనా?

మీ పాపది ఆరో తరగతి అని, ఘన, ద్రవ, వాయు స్థితుల పాఠం బళ్ళో వీడియో చూపించి ముగించేశారని, దానివల్ల నష్టమేమైనా ఉందా అని అడిగారు. ఉందండి, చాలా ఉంది. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

వీడియోలో ఐసు కరుగుతుంది, నీళ్ళు మరుగుతాయి, పిల్లలు చూస్తారు. అంతే. ఏం జరుగుతుందో ముందే ఊహించి, ఆ ఊహ తప్పని కళ్ళెదుట తేలితే తప్ప సైన్సు బుర్రకెక్కదు.

ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లల చేత జ్యూస్ బండి దగ్గర ఐసు తెప్పించి, గోనెసంచిలో వేసి చితక్కొట్టించాను. అరకిలో ఐసు, అరకిలో నీళ్ళు తూచాం. నీళ్ళను 80 డిగ్రీలకు కాచాం. రెండూ స్టీలు గిన్నెలో కలిపితే ఎన్ని డిగ్రీలుంటుందో ముందే నోటుబుక్కులో రాయమన్నాను. క్లాసంతా 40 అని రాసింది. సున్నాకీ 80కీ మధ్య 40 కదా మరి! కలిపి తిప్పుతుంటే ఒకమ్మాయి థర్మామీటరు చూసి పైకి చదువుతోంది. 40 దాటి కిందికి దిగింది. ఇరవై, పది, ఇంకా కిందికి. ఐసు కరిగిపోయేసరికి నాలుగైదు డిగ్రీల దగ్గర ఆగింది. "థర్మామీటరు పాడైంది సార్" అని వెనక బెంచీ అరిచింది. ఇంకోటి పెట్టాం, అదీ అంతే చూపించింది. ఒకడు వేలు ముంచి చటుక్కున తీసి, "ఆ వేడంతా ఎటు పోయింది సార్?" అన్నాడు.

గుప్తోష్ణం, అంటే ఉష్ణోగ్రత పెరక్కుండా స్థితి మారడానికే ఖర్చయ్యే వేడి, అన్న మాట అప్పుడు చెప్పాను, అంతకుముందు కాదు. గ్రాము ఐసు కరగడానికి 80 కాలరీలు కావాలి. గ్రాము నీళ్ళను సున్నా నుంచి 80 డిగ్రీలకు తేవడానికి పట్టేదీ అంతే. వేడినీళ్ళ వేడంతా కణాల పట్టు సడలించడానికే ఖర్చయిపోయింది. 1760ల్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త కూడా ఐసునూ వేడినీళ్ళనూ కలిపే దీన్ని లెక్కగట్టాడు. ఆ క్లాసులో ఒక్కరు కూడా ఈ సంగతి మరిచిపోయి ఉండరు, రాసిస్తాను.

ఇప్పుడు ల్యాబ్ గదికి తాళం, బీరువాకి ఇంకో తాళం. ప్రాక్టికల్ రికార్డులేమో సీనియర్ల పుస్తకాల్లోంచి ఎక్కించినవే. క్లాసంతటికీ ఒకే రీడింగు వస్తే సంతకం పెట్టేవాళ్ళకు అనుమానం రాదా? సైన్స్ ఫెయిర్లలో పొంగి పొర్లే అగ్నిపర్వతాలకు బహుమతులిస్తారు, కొలత ఒక్కటీ ఉండదు. ఇంకొకటి, కెటిల్ పైన తెల్లటి పొగ గీసి దాన్నే నీటి ఆవిరి అంటారు. ఆవిరి కంటికి కనబడదండి. కెటిల్ ముక్కు చివర ఏమీ లేనట్టుండే ఆ కాస్త ఖాళీలో ఉండేదే ఆవిరి, తెల్లగా కనిపించేవి చల్లబడ్డ నీటి బిందువులు.

మీ పాప చేత ఇంట్లో ఒకటి చేయించండి. మందుల షాపులో సూది లేని సిరంజి కొనండి. గాలి నింపి, మూతి వేలితో గట్టిగా మూసి నొక్కమనండి. తర్వాత గాలిబుడగ లేకుండా నీళ్ళు నింపి అలాగే నొక్కమనండి. రెండుసార్లూ నొక్కకముందే ఏమవుతుందో చెప్పించండి. మీరు మాత్రం జవాబు అందించొద్దు.